బొమ్మొచ్చింది, గొంతు రాలేదు

ఇంటికి రంగులు వేయిద్దామని అలమార ఖాళీ చేస్తుంటే పాత గీతల నోటుపుస్తకం ఒకటి కింద పడింది. తీసి చూస్తే నా చేతిరాతే. "ఏవీఐ, బొమ్మ తలకిందులు, వేరే కోడెక్ వేస్తే సరిపోయింది" అని ఒకచోట. "ఎంపెగ్, అన్నిట్లోనూ ఆడుతుంది" అని ఇంకోచోట. నాలుగు పేజీలు తిప్పాక ఒక పేజీలో ఒకటే ముక్క, దాని చుట్టూ పెన్నుతో మళ్ళీ మళ్ళీ గీసిన గీతలు: "త్రీజీపీ, బొమ్మొచ్చింది, గొంతు రాలేదు." రంగులేసే అతను నిచ్చెన మీంచి "పారెయ్యమంటారా అమ్మా?" అని అడిగాడు. వద్దన్నాను. అతను పని ముగించి వెళ్ళేదాకా ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని వసారాలోనే కూర్చున్నాను.

అప్పుడు నేను పలాసలో, కాశీబుగ్గ వైపు, మా పెద్దమ్మ ఇంట్లో ఉండేదాన్ని. మాది జలంత్రకోట. నాన్న పోయాక కొబ్బరి, జీడి తోటలు అన్నయ్య చేతికొచ్చాయి. ఇంట్లో వదిన నన్ను ఏమీ అనేది కాదు. నేను గదిలోకి వస్తే మాట మాత్రం ఆపేసేది. టెక్కలిలో ఆరు నెలలు కంప్యూటర్ నేర్చుకున్నాను కాబట్టి ఉద్యోగం పేరు చెప్పి పెద్దమ్మ దగ్గరికి వచ్చేశాను. పెద్దమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టేది. పిక్క పెంకులోంచి కారే జీడిరసం వేళ్ళని కాల్చేస్తుంది. అందుకని పనిలోకి దిగే ముందు చేతులకి బూడిద పట్టించుకునేది, ఇంటికొచ్చాక కొబ్బరినూనె రాసుకునేది. ఎంత రాసినా ఆ వేళ్ళ నలుపు పోలేదు. ఆ వీధి గాలంతా కాల్చిన పెంకుల పొగ వాసన. మొదట్లో తలనొప్పి వచ్చేది. తర్వాత అన్నయ్య ఇంటికి వెళ్ళినప్పుడు ఆ వాసన లేకపోతే నిద్ర పట్టేది కాదు.

పెద్దమ్మ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. పొద్దున్నే చోడంబలి, అంటే రాగి అంబలి, గిన్నెలో పోసి నా ముందు పెట్టి, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ ముక్క పక్కన పెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయేది. సాయంత్రం ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్ళం. "ఉప్పు సరిపోనాదా?" అంటే "సరిపోయింది" అనేదాన్ని. అంతే. ఆదివారం పూట వేరుశనగలు వలిచేటప్పుడు చూడాలి ఆవిణ్ణి. ఎవరూ అడగకపోయినా వేళ్ళు వాటంతటవే విరగని గుండ్లు ఒకవైపు, విడిపోయిన బద్దలు ఒకవైపు వేరు చేసేసేవి. "ఇది ఫ్యాక్టరీ కాదు పెద్దమ్మా" అంటే చేతుల వైపు చూసుకుని, రెండు కుప్పలూ కలిపేసి, మళ్ళీ కాసేపటికి అలాగే వేరు చేసేది.

నేను చేరింది మూర్తిగారి ఫోటో స్టూడియోలో. పెళ్ళిళ్ళకి ఫోటోలు, వీడియోలు తీసేవాడాయన. క్యాసెట్లు పోయి సీడీలొస్తున్న రోజులు. ఊళ్ళో అందరికంటే ముందుండాలని ఒక కంప్యూటర్ కొన్నాడు గానీ దాన్ని ముట్టుకోవడానికి భయపడేవాడు. క్యాసెట్లో ఉన్న పెళ్ళిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, కత్తిరించి, పాటలు కలిపి, సీడీ చేసివ్వడం నా పని. చేరిన వారానికే ఎవరో బయట తీయించుకున్న పెళ్ళి ఒకటి సీడీలో తెచ్చారు. నొక్కితే ఇంగ్లీషులో ఏదో వచ్చింది, కోడెక్ లేదు అని. అది ఒక వస్తువనుకున్నాం ఇద్దరం. మూర్తిగారు పనుండి శ్రీకాకుళం వెళ్ళినప్పుడు కంప్యూటర్ షాపులో "మంచి కోడెక్ ఒకటి ఇవ్వండి, వారంటీ ఉన్నది" అని అడిగాడట. వాళ్ళు నవ్వారట. తిరిగొచ్చి నాతో, "అది కొనేది కాదంట పాపా. లోపల వేసుకునేదంట. ఏటి వేసుకోవాలో ఆళ్ళకీ తెల్దు, నవ్వడం మాత్రం తెలుసు" అన్నాడు.

నాకు నేర్పేవాళ్ళు లేరు. ఒక్కొక్కటీ వేసి చూడడం, ఏం జరిగిందో నోటుపుస్తకంలో రాసుకోవడం. అలా రాయగా రాయగా ఒక సంగతి తెలిసింది. ఫైలు పేరు చివర చుక్క తర్వాత ఉండే అక్షరాలు డబ్బా పేరు మాత్రమే. పలాస నుంచి పప్పు వెళ్ళే డబ్బాలన్నీ బయటికి ఒకేలా ఉంటాయి, లోపల గుండా బద్దా అన్నది విప్పితేనే తెలుస్తుంది. ఇదీ అంతే. డబ్బా లోపల బొమ్మ వేరు, గొంతు వేరు. దేన్ని ఏ పద్ధతిలో కుదించి పెట్టారో ఆ పద్ధతి తెలిసినదే దాన్ని మళ్ళీ విప్పగలదు. ఆ కుదించి విప్పే విద్య పేరు కోడెక్. బొమ్మ విద్య ఉండి గొంతు విద్య లేకపోతే మూగబొమ్మ ఆడుతుంది. ఒక విద్య బదులు ఇంకోటి పూనుకుంటే పెళ్ళివారంతా కప్పుకి వేలాడుతూ తలకిందులుగా అక్షింతలు వేస్తారు. లెక్క కుదరకపోతే తాళి కట్టేశాక ఎప్పటికో బాజా వినిపిస్తుంది. ఇవన్నీ చూశాను. ఈ సంగతి అర్థమైన రోజు ఎవరికైనా చెప్పాలనిపించింది. మూర్తిగారు పెళ్ళికి వెళ్ళాడు. పెద్దమ్మతో చెబితే, "మంచిదే" అని కంచం ముందుకు జరిపింది.

ఆ చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నీ నాకు తెలుసు. ఏ పెళ్ళికూతురు అప్పగింతల్లో ఏడ్చిందో, ఏ మేనమామ బంతిలోంచి అలిగి లేచాడో, ఏ ముసలమ్మ కెమెరా కనబడగానే కొంగు సర్దుకుందో అన్నీ రోజుల తరబడి ముందుకీ వెనక్కీ తిప్పి చూసినదాన్ని. బజారులో ఆ మనుషులు ఎదురైతే నోరు ఊరుకునేది కాదు, నవ్వొచ్చేసేది. వాళ్ళు ఈ పిల్ల ఎవరన్నట్టు చూసి పక్కనుంచి వెళ్ళిపోయేవాళ్ళు. ఒకసారి మూడు రోడ్ల దగ్గర ఒకమ్మాయిని "బాబు పుట్టాడా?" అని అడిగేశాను కూడా. ఆమె కంగారుపడి భర్త వెనక్కి జరిగింది.

పోలమ్మ వచ్చింది ఆ రోజుల్లోనే. ఉద్దానం కింద సముద్రం ఒడ్డు ఊరామెది. చేపలు అమ్ముకునే మనిషి, నలభై అయిదు దాటి ఉంటుంది, గట్టి నడక. వెనకాల ఇరవయ్యేళ్ళ అమ్మాయి. లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"తల్లీ, మా గుంటడు గుజరాత్ బోట్లకెల్నాడు. ఇది అంపించినాడు," అని ప్లాస్టిక్ సంచిలోంచి సీడీ తీసింది పోలమ్మ. "మా వీదిలో ఒకలింట్లో సీడీ పెట్టిలో ఏస్తే ఆడట్నేదు. ఇందులో ఆడే ఉన్నాడంట. సూడు."

గుమ్మంలో ఉన్న అమ్మాయి ఆమె తమ్ముడి కూతురు, నీలవేణి. కొడుకు దానయ్యకే ఇద్దామని చిన్నప్పుడే అనుకున్న పిల్లట. అది చెబుతున్నప్పుడు నీలవేణి బయట రోడ్డు వైపు చూస్తూ నిలబడింది గానీ చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

సీడీలో ఒకే ఫైలు. ఎవరి సెల్లుఫోన్‌తోనో తీసింది, త్రీజీపీ. అప్పటికి మా వైపు అలాంటి ఫోన్లు చాలా తక్కువ. ఇళ్ళల్లోని సీడీ ప్లేయర్లకి ఆ డబ్బా అసలు తెలియదు. నా కంప్యూటర్‌లో నొక్కితే అగ్గిపెట్టె అంత బొమ్మ వచ్చింది. బోటు అంచున కూర్చున్న కుర్రాడు, తలకి తువ్వాలు, వెనకాల వలల కుప్ప. పెదాలు కదులుతున్నాయి. శబ్దం లేదు. స్పీకర్ తీగలు ఊపి చూశాను, శబ్దం పెంచి చూశాను. రాలేదు.

పోలమ్మ ముందుకు వంగి, తెరకి జానెడు దూరంలో ముఖం పెట్టింది. అయిపోయాక "మల్లీ ఎయ్యి" అంది. మళ్ళీ వేశాను. మూడోసారి కూడా చూసింది. ఆ ఒడ్డున ఆడవాళ్ళకి అది అలవాటట. కెరటాల అవతల తెప్ప మీద నిలబడ్డ మగాడి మాట ఒడ్డుకి చేరదు. చేతులు, నోరు చూసే ఏం కావాలన్నాడో తెలుసుకుంటారు. ఈ సంగతి ఆమే చెప్పింది, కుర్చీలో వెనక్కి వాలుతూ.

"అయితే ఏమంటున్నాడమ్మా?" అన్నాను.

గుమ్మం వైపు ఒకసారి చూసింది. "బాగున్నాడంట. తిండికి లోటు నేదంట. అమ్మోరి సంబరానికి వత్తాడంట."

గుమ్మంలో నీలవేణి తలొంచుకుంది. నవ్వు దాచుకోవడానికని నాకు తెలిసిపోయింది.

"గొంతు కూడా వచ్చేలా చేస్తాను, కొన్ని రోజులు పడుతుంది," అన్నాను. "గొంతక్కర్నేదు తల్లీ," అంది పోలమ్మ. "కష్టమేం కాదమ్మా, చేస్తాను" అంటే, లేచి చీర దులుపుకుంటూ, "అక్కర్నేదన్నాను కదేటి" అంది మళ్ళీ. మొహమాటపడుతోందనుకున్నాను. ఫైలు కంప్యూటర్‌లో దాచుకుని సీడీ ఆమెకిచ్చేశాను. ఊరు పేరు, వీధి గుర్తులు నీలవేణి చెప్పింది.

తర్వాత రెండు వారాలు నాకు అదే ధ్యాస. ఆ ఫోన్లు గొంతుని వాటి సొంత పద్ధతిలో కుదిస్తాయని, దాన్ని విప్పే కోడెక్ విడిగా దొరుకుతుందని నెట్ సెంటర్‌లో వెతగ్గా తెలిసింది. ఆ నెట్ టెలిఫోన్ లైను మీద నడిచేది. సగం దిగాక ఎవరో ఫోన్ చేసేవాళ్ళు, లైను తెగేది, మళ్ళీ మొదట్నుంచి. ఒకసారి కరెంటు పోయింది. ఇంకోసారి ఫ్లాపీలో ఎక్కించి తెస్తే స్టూడియోకి వచ్చేసరికి అది తెరుచుకోలేదు. మధ్యాహ్నం భోజనం మానేసి నాలుగుసార్లు తిరిగాను. పోలమ్మ వద్దందన్న సంగతి ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ఆమె కొడుకు గొంతు వింటున్నప్పుడు ఆ ముఖం ఎలా ఉంటుందో, నీలవేణి ఏమంటుందో, నన్ను ఇంట్లో కూర్చోబెట్టి ఏం పెడతారో అవే ఊహించుకుంటూ తిరిగాను.

చివరికి వేసి నొక్కితే, గాలి హోరులోంచి, "అమ్మా, నానే, దానయ్యని" అని వచ్చింది. అక్కడే ఆపేశాను. తల్లికి చెప్పుకున్న మాటలు నేను వినడం మర్యాద కాదనిపించింది. అంత మర్యాద తెలిసినదాన్ని. ఇంటి ప్లేయర్‌లో ఆడేలా ఎంపెగ్‌లోకి మార్చి వీసీడీ చేశాను. ఆదివారం తలంటుకుని, ఉన్న వాటిలో మంచి చీర కట్టుకుని బస్సెక్కాను. పెద్దమ్మ "ఎవులింటికి?" అంది. "తెలిసినవాళ్ళింటికి" అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఎంత బాగుందో.

జీడితోటలు, కొబ్బరితోటలు దాటి బస్సు ఇసుక దారి మొదట్లో దించింది. పోలమ్మ నన్ను చూసి తెల్లబోయింది. "గొంతు తెచ్చానమ్మా" అన్నాను. ఆమె ఏదో అనబోయేలోపే పక్కింటివాళ్ళు వినేశారు. దానయ్య మాట్లాడతాడంట అని నలుగురూ పోగయ్యారు. వీధిలో టీవీ, ప్లేయర్ ఉన్న ఇంటికి అందరం వెళ్ళాం. పోలమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడొద్దు తల్లీ, తరవాత సూత్తాను" అంది మెల్లగా. ప్లేయర్ మీద దుమ్ము తుడుస్తూ "ఒక్క నిమిషమమ్మా, ఆడుతుందో లేదో చూద్దాం" అన్నాను. నీలవేణి ఎండు చేపలు తిరగేస్తున్నదల్లా చేతులు కడుక్కుని వచ్చి ముందు వరసలో కూర్చుంది.

ఆడింది. బొమ్మా గొంతూ రెండూ వచ్చాయి, ఎక్కడా ముందూ వెనకా లేకుండా.

"అమ్మా, నానే, దానయ్యని. బాగున్నాను. నువ్వు కోపం పడకు. నానిక్కడ ఒకమ్మిని సేసుకున్నాను. పాప పుట్టింది. నీలవేణికి నువ్వే సెప్పాల, నాకు నోరు రాట్నేదు. నా కోసం దాన్నుంచీకు. మంచోడికిచ్చీండి. ఉంటానమ్మా."

పోలమ్మ లేచి టీవీ కట్టేసింది. నీలవేణి కూర్చున్నచోటు నుంచి లేచి, చీర కుచ్చెళ్ళు సర్దుకుని, ఎవరి మీదా కాలు పడకుండా చూసుకుంటూ బయటికెళ్ళి, ఎండబెట్టిన చేపల దగ్గర కూర్చుని మళ్ళీ తిరగేయడం మొదలుపెట్టింది. పోలమ్మ నన్ను ఇంటికి తీసుకెళ్ళి గ్లాసుతో మజ్జిగిచ్చింది. "ఎండలో వచ్చినావు. తాగి ఎల్లు తల్లీ," అంది. తిట్టి ఉంటే బాగుండేది. బస్సులో కూర్చున్నాక తెలిసింది నాకు, ఆమె ఆ రోజే మూడుసార్లూ చూసి మొత్తం చదువుకుందని. గుమ్మంలో నిలబడ్డ పిల్ల కోసం అక్కడికక్కడ వేరే మాటలు చెప్పిందని. ఎప్పుడు ఎలా చెప్పుకోవాలో వెతుక్కుంటోందని.

ఆ సాయంత్రం పెద్దమ్మకి చెప్పాను. మొత్తం విన్నది. అన్నం ఇంకో గరిటె వేసి, పక్కన కూర్చుని, నేను తినేదాకా లేవలేదు.

వానలు వెనకబట్టాక ఒక మధ్యాహ్నం నీలవేణి ఒక్కతే స్టూడియోకి వచ్చింది. ఈసారి గుమ్మం దాటి లోపలికొచ్చి స్టూలు మీద కూర్చుంది. చేతిలో నేనిచ్చిన వీసీడీ.

"అక్కా, ఇందులో గొంతు తీసీగల్వా?"

"ఎందుకు?"

"మా అత్తకి. కొడుకు బొమ్మ సూసుకోవాలనుంటాది దానికి. నానక్కడుంటే పెట్టదు. నాను నేనప్పుడు కూడా పెట్టట్నేదు, టీవీ పరాయోలది, గొంతొస్తే నలుగురూ మల్లీ ఇంటారని, తగ్గించమని అడగనేదు. బొమ్మొక్కటే ఉంటే సూసుకుంటాది." వీసీడీ నా ముందుకు జరిపి, "నాకు సమ్మందం కుదిరింది. నానెల్లిపోతే ఇంక దానికెవులూ నేరు," అంది.

ఫైలు తెరిచాను. గొంతుని విడదీసి పక్కన పెట్టి, బొమ్మని మాత్రం మళ్ళీ ఎంపెగ్‌గా మార్చడానికి పెట్టాను. ఆ కంప్యూటర్‌కి అది పావుగంట పని. ఆ పావుగంటా ఇద్దరం పక్కపక్కన కూర్చుని నిండుతున్న నీలం గీతని చూశాం. చివరికి, "ఆ రోజు తప్పు చేశాను నీలవేణీ. ముందు నేను వినాల్సింది," అన్నాను.

"నువ్వేటి సేత్తావు. సెప్పాల్సినోడు ఆడు. ఆ పని ఆడు మా అత్త మీద పడీసినాడు, అత్త నోరు కట్టీసుకుంది. ఎవులో ఒకలు సెప్పాల కదా." నీలం గీత మీంచి కళ్ళు తీయలేదు. "కానీ అక్కా, ఆడు నా పేరెత్తినప్పుడు నాను నీ ఏపు సూసినాను. అందరూ నన్నే సూత్తన్నారు. నువ్వొక్కదానివే టీవీ సూత్తన్నావు. బాగా ఆడుతున్నాదా నేదా అని."

అది నిజం. ఆ నిజం నాకు అప్పటిదాకా తెలీదు.

సీడీ తయారయ్యాక స్టూడియోలోని ప్లేయర్‌లో వేసి చూపించాను. దానయ్య మాట్లాడాడు, వినపడలేదు. "సాలు," అంది. సీడీని కొంగులో చుట్టుకుంది. మా ఇంటికొచ్చి భోంచేసి వెళ్ళమని అడుగుదామనుకున్నాను. పెద్దమ్మ ఆ రోజు ఇంట్లోనే ఉంది. అడిగే అర్హత ఉందా లేదా అని ఆలోచిస్తుండగానే ఆమె మెట్లు దిగింది. బస్టాండు వైపు వెళ్ళే దారిలో ఆమె తల కనిపించినంతసేపూ నిలబడ్డాను.

తర్వాత కొన్నేళ్ళకి బస్సులో ఒకామె చెబితే తెలిసింది, దానయ్య భార్యనీ కూతుర్నీ తీసుకుని వచ్చాడని, పోలమ్మ ఏమీ అనకుండా లోపలికి రానిచ్చిందని. నీలవేణి భర్తతో విశాఖపట్నం వెళ్ళిందట, హార్బరు దగ్గర ఉంటారట. నేనూ ఈ విశాఖపట్నంలోనే ఉన్నాను ఇన్నేళ్ళుగా. హార్బరు ఇక్కడికి రెండు బస్సులు. ఒక్కసారీ వెళ్ళి వెతకలేదు.

ఇప్పుడు ఎవరికీ ఈ బాధ లేదు. ఏ డబ్బా అయినా, ఏ పద్ధతిలో కుదించినా, చేతిలో ఫోన్ అడగకుండా విప్పేస్తుంది. మా అన్నయ్య మనవలకి కోడెక్ అన్న మాటే తెలీదు, తెలియాల్సిన పనీ లేదు. గుజరాత్ బోట్ల మీది కుర్రాళ్ళు రోజూ ఇంటికి ముఖాలు చూపించి మాట్లాడుకుంటారట. బొమ్మా గొంతూ రెండూ ఒకేసారి వస్తాయి, వద్దనుకునే వ్యవధి కూడా ఉండదు. నాకు ఇది మంచిదే అనిపిస్తుంది. ఆ రోజుల్లో పోలమ్మకి దొరికిన ఆ రెండు వారాలు ఇప్పుడు ఎవరికి దొరుకుతాయి అని కూడా అనిపిస్తుంది. ఆ తర్వాత ఆమెకి దొరకాల్సిన రోజుల్ని మాత్రం నేను లాక్కున్నాను.

నీలవేణి వెళ్ళిన ఆ మధ్యాహ్నం నేను లోపలికొచ్చి, మిగిలిపోయిన పెళ్ళి క్యాసెట్ ఒకటి పెట్టుకుని పనికి కూర్చున్నాను. ఎవరిదో టెక్కలి వైపు పెళ్ళి. ఎక్కడ కత్తిరించాలా అని కాకుండా, పందిట్లో కూర్చున్న వాళ్ళని ఒక్కొక్కరినే ఆపి చూశాను. ఒకతను దండలు మార్చుకుంటున్న వైపు కాక ఇంకెటో చూస్తున్నాడు. ఒకమ్మాయి చెవిలో పక్కామె ఏదో చెప్పింది, ఆ అమ్మాయి ముఖం మారింది. ఎందుకో నాకు తెలీదు. సాయంత్రం మూర్తిగారొచ్చి "ఎంత వరకొచ్చింది పాపా?" అని అడిగాడు. "ఇంకా పందిట్లోనే ఉన్నానండీ" అన్నాను.